అప్పాల గదిలో ఉప్పు

మార్చి 9, సోమవారం

తవమణి అక్కను అప్పాల గదిలో అడుగు పెట్టొద్దన్నారు. పిండిలో ఉప్పు వేసినందుకు. ఎందుకు వేశావని ఒక్కరూ అడగలేదు. జరిగిన అన్యాయం ఇది. ముందు ఇది రాసి పెట్టుకుంటే, తర్వాత ఎవరు ఎంత తియ్యగా మాట్లాడినా మర్చిపోను.

తెలుగులో రాస్తున్నాను కాబట్టి భయం లేదు. మా నాన్నకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. అవ్వ చదివేది, ఇప్పుడు చూపు ఆనదు. మద్రాసులో ఈ చూలై పేటలో మా వీధి మొత్తానికి తెలుగు రాసే పిచ్చిది నేనొక్కదాన్నే.

సిస్టర్ల మఠంలో నా పని పూజ అప్పాలు కాల్చటం. గుళ్ళో ఫాదర్ నాలుక మీద పెట్టే తెల్లటి పల్చటి బిళ్ళ ఉంటుందే, అది. గోధుమపిండి, నీళ్ళు. మూడోది కలవకూడదు. ఉప్పు, పంచదార, నూనె, ఏది కలిసినా పూజకు పనికిరాదు. ఈ సంగతి నాకు తెలుసు. పదేళ్ళుగా ఆ గదిలో అప్పాలు ఏరుతున్న తవమణి అక్కకు ఇంకా బాగా తెలుసు.

పోయిన వారం ఒక గుడి నుంచి డబ్బాలు తిరిగొచ్చాయి. నోట్లో పెట్టుకుంటే ఉప్పగా ఉందట. సుపీరియర్ అమ్మ సిస్టర్ సెలిన్ గదిలోకొచ్చి, ఎవరు చేశారని అడిగింది. ఈ పుస్తకంలో ఆమెకు ‘గారు’ పెట్టను. తవమణి అక్క చేతులు తుడుచుకుని, “ఓం, నాన్‌దాన్” అంది. ఓం అంటే వాళ్ళ లంక తమిళంలో అవును. అవును, నేనే. అంతే. సాకు లేదు, ఏడుపు లేదు. సిస్టర్ సెలిన్ తలుపు వైపు చెయ్యి చూపించింది.

మార్చి 10, మంగళవారం

రేపట్నుంచి పనికి పోను.

మార్చి 11, బుధవారం

పోయాను. ఇది తపస్సు కాలం. పాస్కాకు, అదే ఈస్టర్ పండక్కి, తొమ్మిది గుళ్ళకు అప్పాలు పంపాలి. నేను పోకపోతే, పిండి కలిపే ముసలి సిస్టర్ జోజమ్మగారు ఒక్కరే ఆ ఇనప పెనం పైపలక ఎత్తాలి. ఆ వయసులో, ఆ మణికట్టుతో. అందుకని పోయాను. వేరే ఏం కాదు.

మార్చి 12, గురువారం

మఠంలో ఒక పాత పద్ధతి ఉంది. తప్పు చేసిన సిస్టర్ భోజనాల గదిలో అందరి ముందు మోకరించి ఆ తప్పు చెప్పుకుంటుంది. గ్లాసు పగలగొట్టానని, ఒకరి మీద విసుక్కున్నానని. చెప్పాక ఎవరూ నోరు తెరవకూడదు. ఓదార్చకూడదు, వాదించకూడదు. సుపీరియర్ అమ్మ ఒక జపం చెప్పుకోమంటుంది. అది చెప్పుకుని లేచి అన్నం తింటారు. ఆ మాట మళ్ళీ ఎత్తరు. వేరే మఠాల్లో ఎప్పుడో మానేశారట. ఇక్కడ ఇంకా ఉంది.

మధ్యాహ్నం రసం గిన్నె పట్టుకుని వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. జోజమ్మగారు బల్ల పట్టుకుని నెమ్మదిగా మోకాళ్ళ మీదికి దిగారు. డెబ్బై దాటిన మనిషి.

“ఉప్పు తప్పు నాది,” అన్నారు. “తెలిసి చేసింది ఒకటి, మరిచి చేసింది ఒకటి. రెండూ నావే.”

ఎవరూ నోరు తెరవకూడదు. సిస్టర్ సెలిన్ తెరిచింది. “మీ మనసు మాకు తెలుసు సిస్టర్. ఒకరి తప్పు నెత్తిన వేసుకోకండి. లేవండి,” అంది. జపం చెప్పుకోమనలేదు. జోజమ్మగారు కాసేపు అట్లాగే ఉండిపోయారు, ఇవ్వాల్సింది ఇంకా ఇవ్వలేదన్నట్టు. తర్వాత లేచారు.

తవమణి అక్క కోసం అంత మనిషి అబద్ధం ఆడారు. నాకు గర్వంగా అనిపించింది. కళ్ళు మండాయి. రసంలో మిరియాలు ఎక్కువ.

సాయంత్రం కబురు తెలిసింది. జోజమ్మగారిని తిరువొత్తియూరులో ముసలి సిస్టర్లుండే ఇంటికి మార్చారు. బదిలీలు ఎప్పుడూ మే నెలలో వస్తాయి. ఇది మాత్రం ఈ శనివారమే.

మార్చి 13, శుక్రవారం

ఆ పెనం మీదే నేను తెలుగు నేర్చుకున్నాను.

మా అవ్వ కమలాంబ అప్పుడు మఠం వంటింట్లో చేసేది. బడి అయ్యాక నేను తిన్నగా అక్కడికే. బళ్ళో తమిళం. ఇంట్లో తెలుగు మాటలున్నాయి, అక్షరాలు నేర్పే తీరిక అవ్వకు లేదు. జోజమ్మగారిది గుంటూరు పక్క ఊరు. మద్రాసులో తెలుగు పిల్ల తెలుగు చదవలేకపోవటం ఆమెకు ఓర్చుకోలేని సంగతి. అప్పాలు కాల్చటం అయిపోయి పెనం చల్లారేలోపల, మిగిలిన పిండి గరిటె అంచునుంచి తీగలా జారుస్తూ అక్షరం రాసేవారు. అది చుర్రుమని ఎండి, కాగితంలా లేచేది. సరిగ్గా చదివితే తినొచ్చు. తప్పు చదివితే పిచ్చుకలకు. అ తిన్నాను. ఆ తిన్నాను. ‘ఋ’ చాలా రోజులు పిచ్చుకలే తిన్నాయి. ఆ అక్షరాలకు రుచే లేదు. ఇప్పటికీ ఏ పుస్తకం తెరిచినా నాలుక మీద ఆ చప్పదనం వచ్చి కూర్చుంటుంది.

అప్పాలు కోసేశాక మిగిలే రేకు ఇంకో పండగ. నిండా గుండ్రటి చిల్లులు. చిల్లుల రేకు అనేవాళ్ళం. వెనక మూడు గదుల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు లంక నుంచి వచ్చినవాళ్ళు ఉండేవారు. మన్నారు నుంచి, వవునియా నుంచి, పడవల్లో వచ్చి, శిబిరాల్లో ఉండి, ఆస్పత్రికనో చదువుకనో మద్రాసు చేరినవాళ్ళు. వాళ్ళ పిల్లలూ నేనూ ఆ రేకు మొహానికి అడ్డం పెట్టుకుని, చిల్లుల్లోంచి ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, తర్వాత ఆ కిటికీని తినేసేవాళ్ళం. ఆదివారం సిస్టర్లు మాతో క్యారమ్స్ ఆడేవారు. మంగళూరు సిస్టర్ ఒకావిడ దొంగాట ఆడి, వెంటనే సిలువ గుర్తు వేసుకునేది. దండెం మీద సిస్టర్ల తెల్ల చీరలు, లంక ఆడవాళ్ళ పువ్వుల చీరలు ఒకదాని మీద ఒకటి ఆరేవి. ఏ నీళ్ళలో రంగు దిగినా మఠం అంతా లేత గులాబీ రంగులో తిరిగేది ఒక వారం.

ఇప్పుడా మూడు గదుల్లో ఒకదాంట్లోనే మనిషి ఉంది. తవమణి అక్క.

మార్చి 14, శనివారం

జోజమ్మగారు వెళ్ళిపోయారు.

ఒక పెట్టె. అంతకన్నా ఎక్కువ తీసుకుపోకూడదు, అది కూడా పద్ధతి. నలుగురు సిస్టర్లు గేటు దగ్గర పాట పాడారు. నేను పోలేదు. గదిలో కూర్చుని అప్పాలు కోశాను. తడిగుడ్డ కింద రాత్రంతా మెత్తబడ్డ రేకులు, ఆలస్యమైతే మళ్ళీ పెళుసెక్కి విరుగుతాయి. అందుకే కదల్లేదు.

ఒక్క మాట అనొచ్చుగా ఆమె. పోను అనొచ్చుగా. ఇన్నేళ్ళు ఉన్న ఇల్లు. ఆజ్ఞ అంటే ఆజ్ఞేనట. ఆటో శబ్దం మలుపు తిరిగేదాకా విన్నాను, విన్లేదనే అనుకుంటున్నాను.

మేకుకు ఆమె వంట గుడ్డ వేలాడుతోంది. నేను తియ్యను. ఎవరినీ తియ్యనివ్వను.

మార్చి 15, ఆదివారం

సెలవు. ఏం లేదు.

మార్చి 17, మంగళవారం

అవ్వతో గొడవ. ఆమె నా పక్షం మాట్లాడుతుందనుకున్నాను.

“వాళ్ళ సామికి ఉప్పు పడదంటే వెయ్యకూడదమ్మే. మన నైవేద్యంలో ఎర్రగడ్డ, వెల్లుల్లి వేస్తామా? వేస్తే మీ నాయన ఊరుకుంటాడా?” అంది.

నేను అరిచాను. వాళ్ళు తరిమితే నువ్వు తలుపుకు తాళం వేస్తున్నావన్నాను. అవ్వ తమలపాకు తుడుస్తూ అడిగింది: “ఆ బిడ్డ అన్నం తింటా ఉండాదా ఆడ?”

నాకు తెలీదు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజునుంచి తవమణి అక్క వంటింటి వైపు రాలేదు. గుమ్మంలో చిన్న స్టౌ పెట్టుకుని ఏదో కాచుకుంటోంది.

అన్నం సంగతి అవ్వ అడగాల్సిందే. ఆ మఠంలో ఇంకో పద్ధతి ఉండేది, దాన్ని కాపాడింది అవ్వే. వెనక గదులకు కొత్తగా ఎవరొచ్చినా ముందు ఆకు వేసేవారు. తినేదాకా పేరు అడగకూడదు. ఏ ఊరు, ఎట్లా వచ్చావు, ఎవరు పోయారు, ఏదీ అడగకూడదు. ఒకసారి పోలీసాయన వివరాలు రాసుకోటానికొస్తే, జోజమ్మగారు ఆయనక్కూడా ఆకు వేయించి కూర్చోబెట్టారు.

తవమణి అక్క వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. నేను మూడో తరగతి. ఆమె, ఒక బట్టల సంచీ, అంతే. అవ్వ ఆకు వేసి, మన అలవాటు ప్రకారం మూలన ఇంత ఉప్పు పెట్టింది. అక్క అన్నం ముట్టలేదు. ముందు ఆ ఉప్పు వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. చాలాసేపు. పిల్లకు మతి చలించిందేమో అని అవ్వ నన్ను లోపలికి లాగింది. జోజమ్మగారు మాత్రం గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నారు.

సాయంత్రం అక్క గదికి పోయి అడిగేశాను. ఎందుకు వేశావు?

ఆమె తమిళంలో చెప్పింది, నేను నా భాషలో పెట్టుకుంటున్నాను. లంక యుద్ధం చివర్లో ముల్లైత్తీవు దగ్గర సముద్రపొడ్డున ఇసకలో గుంట తవ్వుకుని ఉన్నారట, ఆమె, వాళ్ళమ్మ. బియ్యం గుప్పెడు దొరికేది, ఉప్పు దొరికేది కాదు. ఎదురుగా అంత సముద్రం. ఆ నీళ్ళకు పోయినవాళ్ళు కాల్పులు దాటి తిరిగి రావటంలేదు. చప్పటి గంజి తాగి తాగి వాళ్ళమ్మ ఒక పొద్దున, ఇంత ఉప్పుంటే బాగుండు అంది. అదే ఆఖరి మాట. తమిళుల మాసి నెలలో, ఫిబ్రవరి మార్చి మధ్య, ఆ తిథి వస్తుంది. ఈ ఏడు ఆ రోజున జోజమ్మగారి మణికట్టు వాచి ఉంటే, ఇవాళ పిండి నేను కలుపుతానని అక్కే అడిగింది. అప్పటిదాకా ఎప్పుడూ అడగలేదు.

“గంజి ఎట్లా ఉంటుందో, ఆ పిండి అట్లాగే ఉంది శరణ్యా. తెల్లగా, చప్పగా. ఎవరికో పెట్టబోతున్నది. చెయ్యి ఆగలేదు.”

పక్కనే సంచీ సర్ది ఉంది. గుమ్మిడిపూండి శిబిరంలో చిన్నమ్మ కూతురుందట. పాస్కాకు ముందొచ్చే మట్టల ఆదివారం ఉందే, దాని ముందు రోజు, ఇరవై ఎనిమిదిన పోతుందట. ఎవరూ పొమ్మనలేదు, తనే పోతుందట.

శిబిరంలోంచి వచ్చిన మనిషి, పదహారేళ్ళ తర్వాత మళ్ళీ శిబిరానికి.

మార్చి 18, బుధవారం

పెనం ఒక్కదాన్నే ఎత్తి దించుతున్నాను. చెయ్యి కాలింది. పెద్దదేం కాదు.

మార్చి 19, గురువారం

ఈ రోజు మరియమ్మ భర్త జోజప్పగారి పండగ. అంటే జోజమ్మగారి పేరు పండగ. ప్రతి ఏడూ తవమణి అక్క ఆవిరి మీద ఉడికించే పుట్టు, సంబల్ అనే కొబ్బరి కారప్పచ్చడి చేసేది. సిస్టర్లు కారానికి ముక్కులు చీదుకుంటూ తినేవారు. ఈ ఏడు వంటింట్లో చారు, అన్నం.

నేను చిల్లుల రేకులు కాగితంలో చుట్టుకుని బేసిన్ బ్రిడ్జిలో రైలెక్కాను. తిరువొత్తియూరులో దిగాను. దిగకుండా కూర్చుంటే అదే రైలు గుమ్మిడిపూండి పోతుంది. ఆ సంగతి ఇవాళే మొదటిసారి తట్టినట్టు ఒళ్ళు మండింది.

ఆ ఇల్లు సముద్రానికి దగ్గర. ఫ్యాక్టరీ పొగ వాసన, చేపల వాసన కలిసి వస్తాయి. జోజమ్మగారు వరండాలో ఇంకో ముసలి సిస్టర్‌కు గోళ్ళు తీస్తున్నారు. నన్ను చూసి, అన్నం తిన్నావా అన్నారు. నేను మాత్రం నిలబడే మొదలుపెట్టాను. మీరెందుకు అబద్ధం ఆడారు, ఆడినా ఏం లాభం, మిమ్మల్నీ పంపేశారు, అక్కా పోతోంది, మీ త్యాగం ఎవరికి కావాలి. ఇంకా చాలా అన్నాను. ఆమె గోళ్ళు తీయటం ఆపలేదు. ఆఖరి వేలు అయ్యాక తలెత్తారు.

“అబద్ధమా? మోకాళ్ళ మీద నేనెప్పుడన్నా అబద్ధం చెప్పానా అమ్మాయ్?”

నాకు అర్థం కాలేదు.

పెనం మీద పొయ్యబోయే ముందు పిండి చుక్క నాలుక మీద పెట్టుకోవటం ఆమెకు అలవాటు. ఉండలున్నాయేమో, పులిసిందేమో తెలుస్తుందని. నేను వెయ్యిసార్లు చూశాను. ఆ రోజూ, నేను రాకముందే, పెట్టుకున్నారట. ఉప్పు తెలిసిందట. తల తిప్పి తవమణి అక్కను చూశారట. అక్క గోడవైపు తిరిగి నిలబడి ఉందట.

“ఆకు మీద ఉప్పు నాకిన పిల్ల. అది మొదటిరోజు. అప్పట్నుంచి మనం పెడుతున్నాం, తను తింటోంది. ఆ రోజు తను పెట్టింది. కంచం నెట్టెయ్యటానికి నాకు చెయ్యి రాలేదమ్మా. పోసేశాను.”

ఆ రేకులు గుళ్ళకు పంపాలని కాదు. విడిగా తడిగుడ్డ కింద పెట్టారట, మఠంలో అందరం తిందామని. వాళ్ళమ్మ పేరు మీద. మర్నాడు ఆ సంగతే మర్చిపోయి మిగతావాటితో కలిపి తనే కోసేశారు.

“పోసింది తెలిసి. కోసింది మరిచి. రెండూ చెప్పాను గదా. వాళ్ళు నన్ను మంచిదాన్ననుకున్నారు. నేను చెప్పింది నమ్మలేదు.”

నేనూ నమ్మలేదు. కిటికీ దగ్గర గర్వపడుతూ నిలబడ్డాను.

మీరే వచ్చి మళ్ళీ చెప్పండి అన్నాను. రానన్నారు. ఒక తప్పు రెండుసార్లు చెప్పుకోవటం గొప్ప కోసం అవుతుందట. ఈ ఇంటికి పంపటం శిక్ష కాదట, మతిమరుపు వచ్చినవాళ్ళకు పిండి పని ఉండకూడదట, అది న్యాయమేనట. అట్లా అంటూనే నా చేతి మీద కాలిన మచ్చ చూసి, పైపలక ఎడమ చేత్తో పట్టొద్దని ఎన్నిసార్లు చెప్పానే అని తిట్టారు.

రేకు ఇచ్చాను. మొహానికి అడ్డం పెట్టుకుని చిల్లులోంచి చూశారు నన్ను. ఒక కన్ను.

రైల్లో ఇసక పడింది కళ్ళలో.

మార్చి 21, శనివారం

సిస్టర్ సెలిన్‌కు మొత్తం చెప్పాను. కసిరి పంపేస్తుందనుకున్నాను. విన్నది. మొహం వాడిపోయి ఉంది, ఆమె కూడా నిద్రపోతున్నట్టు లేదు. జోజమ్మగారిది పెద్ద మనసు, ఇంకెవరినీ అననివ్వరు, అంది మళ్ళీ. ఇంకో డబ్బా తిరిగొస్తే గుళ్ళవాళ్ళు ఫ్యాక్టరీ అప్పాలు తెప్పించుకుంటారంది. అప్పుడు గదే ఉండదు, నీకూ పని ఉండదు, అంది. అది నిజమే. తవమణి తనే పోతానంటే నేనేం చెయ్యను అంది. అదొక్కటీ నిజం కాదు.

లేచి వచ్చేముందు, అక్క భోజనానికి వచ్చిందా అని అడిగాను. నలుగురు సిస్టర్లున్న ఇల్లు. ఒక్కరికీ తెలీదు.

మార్చి 22, ఆదివారం

అవ్వ చింతపండు పులిహోర చేసి డబ్బాలో పెట్టి ఇచ్చింది అక్కకు. మూత మీద వేరే పొట్లం, ఉప్పు. “తక్కువైతే కలుపుకోమను, ఈడ ఎవురూ తరమరు,” అంది. అవ్వ జోకు వేసి ఎన్నాళ్ళైందో.

అక్క రెండు ముద్దలు తిని డబ్బా కడిగి ఇచ్చింది.

మార్చి 23, సోమవారం

రేపు పొద్దున సిస్టర్ సెలిన్ ముందు నిలబడి చెప్పాల్సింది ఇది. కోపంలో నాలుక తడబడుతుంది నాకు, అందుకని ఇక్కడ ఒకసారి చెప్పుకుంటున్నాను.

సిస్టర్. మీ ఇంట్లో రెండు పద్ధతులున్నాయి. రెండూ మీరే తప్పారు. మోకరించినామె మాట నమ్మి ఒక జపం ఇచ్చి వదిలెయ్యాలి. మీరు జపం ఇవ్వలేదు, మంచిదానివి అన్నారు. ఆమె నిజాన్ని మీ మెచ్చుకోలు కింద తొక్కేసి, మిగిలిన తప్పు మొత్తం దిక్కులేని మనిషి నెత్తిన వేశారు. ఇక రెండోది. తినేదాకా ఏదీ అడగకూడదు అన్నారు పెద్దవాళ్ళు. తిన్నాక కూడా అడగొద్దు అనలేదు. తవమణి అక్క తినలేదు, మీరు అడగలేదు.

ఆమెను పిండి కలపనివ్వమని నేనడగటంలేదు. మూడోది కలవకూడదు, సరే. అది మీ దేవుడి సంగతి. కానీ అప్పాలు ఏరే పని ఆమెది. ఆ గది ఆమెది. అంతకన్నా ముందు ఆ బల్ల ఆమెది.

మీరే వెళ్ళి పిలవాలి. ఇంకో సిస్టర్‌నో నన్నో పంపితే చెల్లదు. ఆకు వెయ్యాలి, మూలన ఉప్పు పెట్టాలి, ఆమె తిని చెయ్యి కడుక్కున్నాక, ఎందుకు వేశావమ్మా అని అడగాలి. విన్నాక ఆమె ఏ రైలెక్కినా నేను మాట్లాడను. జోజమ్మగారికి రావాల్సిన జపం కూడా పంపండి, ఎంత చిన్నదైనా సరే. ఆమె ఇంకా దాని కోసం చూస్తున్నారు.

బెదిరింపు అనుకుంటే అనుకోండి. మట్టల ఆదివారం అప్పాలు ఇంకా కాల్చలేదు. పిండి జల్లించి మూత పెట్టాను. నీళ్ళు పొయ్యలేదు. పెనం చల్లగా ఉంది, నేను తప్ప దాన్ని ఎత్తేవాళ్ళు ఈ ఇంట్లో లేరు.

బుధవారం మధ్యాహ్నం భోజనం గంట కొట్టేలోపల నాకు జవాబు కావాలి.